ఎజెండాల పందొమ్మిదో అంశం

మా ఊరు పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయిన కొత్తల నేను కౌన్సిలర్‌గ గెలిచిన. గెలిచిన అంటే పెద్ద మాట. మా వార్డు ఆడోళ్లకు రిజర్వు అయింది. నాతోటి నిలబడ్డ ముగ్గురి మొగుళ్లు ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకున్నరు. ఆర్టీసీ డిపోల గుమాస్తా చేసే మా ఆయనకు ఊర్ల ఎవ్వలతోటి పగ లేదు, దోస్తీ లేదు. నడుమల నేను బయటపడ్డ. ఊరు మాత్రం నోరు ఉన్నది గనుక గెలిచింది అనుకున్నది. కొన్నొద్దులు నేను గూడ గట్లనే నమ్మిన. నిజామాబాద్‌ల డిగ్రీ చదివేటప్పుడు వక్తృత్వ పోటీలల్ల కప్పులు తెచ్చుకున్నదాన్ని. బస్సుల చిల్లర కాడ, రేషన్ దుకాణంల తూకం కాడ, పెండ్లిల బంతి కాడ ఎవ్వలతోనన్న మాట పెంచుకోకుండ ఇంటికొచ్చిన రోజు తక్కువ. మా అత్త బతికున్నన్ని రోజులు, నీకు అన్నం అరగాలంటే ఎవ్వలతోనన్న కొట్లాడాలె అనేది. ఆమెతోటి గూడ కొట్లాడి అరిగించుకున్న.

కౌన్సిల్ మీటింగు పాత పంచాయతీ ఆఫీసు హాల్లనే అయితుండె. పసుపు మార్కెటుకు వచ్చే రోజులల్ల కిటికీ తీస్తే దుమ్ము వచ్చి కాయితాల మీద వాలేది, మూస్తే ఉక్కపోతకు ప్రాణం పోయేది. ముందు వరుసల ఆడ కౌన్సిలర్లం కూసునేటోళ్లం. మా ఎనుక గోడ పొంటి వాళ్ల మొగుళ్ల కుర్చీలు. గా కుర్చీలు ఎవ్వలు ఎయ్యిమన్నరో రూలు పుస్తకంల లేదు, నేను ఎతికిన. మా ఆయనకు గూడ ఒకటి ఏసిన్రు గని ఆయన ఒక్కనాడు రాలే. చైర్‌పర్సన్ ఆడామె. ఆమె పక్కన కుర్చీ ఆమె పెనిమిటిది. ఊరంత ఆయననే చైర్మన్ సాబ్ అనేది. సంతకం ఒక్కటే ఆమెది.

మీటింగు నడిచే పద్ధతి చెప్తే బయటోళ్లు నమ్మరు. ఆఫీసు గుమాస్తా ఒకటో అంశం నుంచి ఆఖరిదాక ఒక్క ఊపిరిల చదువుతడు. మోరీల పూడిక తీసుడు, వీధి దీపాలు, కుక్కలు పట్టుడు, సైకిల్ స్టాండు వేలం. ఎవ్వలు వినరు. చదువుడు అయినంక కమిషనర్ అన్నీ ఆమోదమేనా అని అడుగుతడు. అందరు బల్ల మీద అరచెయ్యితోటి కొడ్తరు. గంతే, మిర్చి బజ్జీలు వస్తయి. దీన్ని మేం గంప లేపుడు అనేటోళ్లం. గంపల ఏమున్నదో చూడకుండ ఎత్తి నెత్తిన పెట్టుకునుడు. అడిగెటోళ్లు లేక కాదు. ప్రతొక్కరి తమ్మునిదో బామ్మర్దిదో ఒక పని గా గంపల ఉండేది. నీది నేను అడగ, నాది నువ్వు అడగకు. ఎవ్వలన్న ఒక్కరు లేచి ఫలానా అంశం విడిగ మాట్లాడాలె అంటే దాన్ని గంపల కెళ్లి బయటికి తియ్యాలె, అది రూలే. రెండేండ్లల్ల ఒక్కరు గూడ లేవలే.

ఇగ సేవా పథకం ముచ్చట. అది ఢిల్లీ నుంచి వచ్చిన పథకం. చదువుకొని ఇంట్ల కూసున్న పిల్లలు రెండేండ్లు దేశానికి సేవ చెయ్యాలె, వాళ్లకు నెలకింత అని ఇస్తరు. కొన్ని ఊర్లల్ల వాళ్లతోటి చెట్లు నాటిపిచ్చిన్రు, కొన్ని ఊర్లల్ల జెండా పండుగ నాడు నడిపిచ్చి ఫొటోలు తీసుకున్నరు. మా ఊర్ల అదృష్టం బాగుండి సర్కారు దవాఖాన డాక్టరమ్మ చేతిల పడ్డరు. ఆరుగురు ఆడపిల్లలు. సేవ పిల్లలు అనేటోళ్లు అందరు. డాక్టరమ్మ వాళ్లకు ఒక్కటే పని అప్పజెప్పింది. టీబీ ఉన్న బీడీ కార్మికుల ఇండ్లకు పోయి కండ్ల ముందట మందు మింగిపియ్యాలె.

టీబీ మందు ఆరు నెలలు మింగాలె. నడుమల ఆపితే రోగం మొండిగైతది. బీడీలు చేసే ఆడోళ్లు దవాఖానకు రారు. ఎందుకు రారో మా గల్లీల బతికినోళ్లకే ఎరుక. వరండాల ఎవ్వలన్న చూస్తే తెల్లారి కార్ఖానాల ఆకు, తంబాకు ఇయ్యరు. దగ్గే మనిషి చుట్టిన బీడీ ఎవ్వడు తాగుతడు అంటరు. తాగెటోని ఛాతి గురించి గంత ఫికర్ మాకు, చుట్టెటామె ఛాతి గురించి లేదు. అందుకే మందే ఇంటికి నడిచిపోవాలె. సేవ పిల్లలు పుస్తకాల సంచి ఏసుకొని తిరుగుతుండె. చూసెటోళ్లకు ట్యూషన్ చెప్పబోతున్నట్టు. లోపలికి పోయి, తలుపు దగ్గరికేసి, నీళ్లిచ్చి, మింగినంక నోరు తెరువుమని చూసి, కార్డు మీద టిక్కు కొట్టుకొని వచ్చేటోళ్లు. కొందరు ముసలోళ్లు బుగ్గల పెట్టుకొని తర్వాత ఉమ్మేసేటోళ్లట. వాళ్ల కాడ పిల్లలు కొద్దిసేపు కూసొని కోడలి మీద చాడీలు విని వచ్చేటోళ్లు, గంతల కరిగిపోతదని.

ఆ ఆరుగురిల ఒక పిల్లది మా ఇంటికి నాలుగిండ్ల అవుతల ఇల్లు. నన్ను చిన్నమ్మా అని పిలిచేది. తండ్రి మస్కట్‌ల ఉంటడు, ఉన్నడని చెప్పుకునేటందుకే. ఇంటర్ దాక తల్లితోటి సమానంగ బీడీలు చుట్టి చదువుకున్నది. సేవల చేరినంక ఆమె వేళ్ల మీద తంబాకు మరక పోయింది. నర్సు ట్రైనింగుకు పోతనని డాక్టరమ్మకు చెప్పి పెట్టుకున్నది. ఆమె సంచిల కార్డులల్ల మొదటి కార్డు ఆమె తల్లిదే. నాలుగో నెల నడుస్తుంది. ఈ సంగతి డాక్టరమ్మకు, ఆ పిల్లకు, నాకు ఎరుక. తల్లి బట్టల రక్తం పడ్డ నాడు ఆటో తెచ్చింది నేను. కార్ఖానాకు తెలిస్తే ఇల్లు గడవదు, చిన్నమ్మా ఎవ్వలకు చెప్పకు అని ఆ పిల్ల ఆటోల నా చెయ్యి పట్టుకొని అన్నది.

ఏడాది తిరిగేసరికి ఢిల్లీ కాయితం వచ్చింది. ఇగ నుంచి సగం ఖర్చు ఊరి మున్సిపాలిటీ పెట్టుకోవాలె, పెట్టుకుంటమని నెలాఖరు లోపల కౌన్సిల్ తీర్మానం చేసి పంపాలె, లేకుంటే ఆ ఊర్ల పథకం బంద్. బంద్ అయితే ఆ పిల్ల మళ్ల బీడీల చాట ముందట కూసుంటది, గల్లీలల్ల మందు ఆగిపోతది. ఇందుల తెలవనిది ఏమీ లేదు.

కమిషనర్ కోస్తా దిక్కు మనిషి. మంచోడే. ఎజెండా నా చేతికిచ్చి, “మేడం, పంతొమ్మిదోది పెట్టాను. మీరేం మాట్లాడకండి. అన్నిటితో పాటు అదీ వెళ్లిపోతుంది” అన్నడు.

నాకు ఆ మాట నచ్చలే. గింత మంచి పని మోరీ పూడికకు, సైకిల్ స్టాండుకు నడుమల తలకాయ వంచుకొని దొంగ లెక్క పోవుడేంది అనుకున్న. ఊరికి తెలవాలె గద, మినిట్స్‌ల రాయాలె గద, చర్చించి మరీ ఇచ్చిన్రు అని. ఇది నేను అప్పుడు చెప్పుకున్న కారణం. ఇంకొకటి ఉన్నది. రెండేండ్ల నుంచి ఆ ముందు వరుసల కూసొని బల్ల కొట్టుడు తప్ప నాకు పని లేదు. నోరు ఉన్నదని గెలిపిచ్చిన ఊరికి నోరు చూపెట్టలే. నాలుగు పేజీల ప్రసంగం రాసుకున్న. మా ఆయనకు చదివి వినిపిచ్చిన. ఆయన అంత విని, బాగున్నది గని ఓట్లు ఎన్నో లెక్కపెట్టినవా అని అడిగిండు. అన్నం తినుమన్న.

అంతటితోటి ఆగినా బాగుండు. ఆరుగురు పిల్లలను మీటింగుకు రమ్మన్న. మీ గురించి ఊరు ఏమంటదో మీరు మీ చెవులతోటి వినాలె అన్న. ఇస్త్రీ బట్టలు కట్టుకొని వచ్చి ఎనుక బెంచీ మీద కూసున్నరు. మా గల్లీ పిల్ల ఆకుపచ్చ చుడీదార్ ఏసుకున్నది.

గుమాస్తా చదివిండు. అన్నీ ఆమోదమేనా అని కమిషనర్ అడిగిండు, నా దిక్కు చూడకుండ. చేతులు లేచినయి. నేను లేచిన.

పందొమ్మిదో అంశం విడిగ చర్చించాలె అన్న. చైర్మన్ సాబ్ నా దిక్కు తిరిగి, మంచిగ పోతున్న బండిని ఎందుకు ఆపుతున్నవమ్మా అన్నడు. రూలు నంబరుతోటి చెప్పిన. కమిషనర్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. తీసేటప్పుడు ఆయన మొఖం నాకు కనపడ్డది, గని నేను అప్పుడు పేజీలు సదురుకుంటున్న.

బాగ మాట్లాడిన. అబద్ధమెందుకు, మస్తు మాట్లాడిన. గోడ పొంటి మొగుళ్లు గూడ ఒకరిద్దరు విన్నరు. ఏ గల్లీల ఎట్ల తిరుగుతరో, ఎట్ల మింగిపిస్తరో చెప్పిన. ఆరుగురిల నలుగురు మా వార్డు పిల్లలే అని గర్వంగ గూడ చెప్పిన. బీడీ గల్లీలు మా దిక్కే ఎక్కువ, ఆ గల్లీ పిల్లలైతేనే తలుపు తీస్తరు, అందుకని డాక్టరమ్మ గట్ల ఏరుకున్నది. నాకు అది తెలివైన పనిగ కనపడ్డది. కౌన్సిల్‌కు ఎట్ల కనపడుతదో నేను ఆలోచన చెయ్యలే. రెండేండ్ల నుంచి ఆ హాల్లనే కూసుంటున్న, వార్డుకు ఇన్ని అని పంచకుండ అండ్ల ఏదీ పోదని ఎరుకై గూడ.

పక్క వార్డు కౌన్సిలర్ లేచిండు. ఆయనది బీడీ ఠేకా. కంపెనీ నుంచి ఆకు తెచ్చి ఇండ్లకు పంచి, చుట్టిన బీడీలు తీసుకునుడు ఆయన పని. మెల్లగ మాట్లాడుతడు, ఎవ్వలను ఒక్క మాట అనడు. “అక్కా, మంచిగ చెప్పినవ్” అన్నడు మొదలు. తర్వాత అడిగిండు, ఆరుగురిల నలుగురు నీ వార్డేనా అని.

ఇగ దొరికింది అందరికి. మా వార్డుల పిల్లలు చదువుకోలేదా అని ఒకరు. వార్డుకొకరిని పెట్టున్రి, లేకుంటే ఎవ్వలు వద్దు అని ఒకరు. ఢిల్లీ పథకానికి ఢిల్లీయే పెట్టుకోవాలె, మన ఇంటి పన్ను ఎందుకు పెట్టాలె అని ఒకాయన దేశం గురించి గూడ మాట్లాడిండు. ఇంకొకాయన ఆ పైసలతోటి మా వార్డుల బోరు పడుతది అన్నడు. నేను ప్రతొక్కరికి జవాబిచ్చిన. జవాబిచ్చిన కొద్దీ వాళ్లకు కోపం పెరిగింది. వాదంల నేను గెలుస్తనే ఉన్న. మిర్చీల వాసన వస్తుంది, ఎవ్వలు లేస్తలేరు.

అప్పుడు ఠేకేదారు మళ్ల లేచిండు. మన ఊరి బీడీ కార్మికులకు టీబీ ఉన్నదని మున్సిపాలిటీ కాయితం మీద ఎక్కితే రేపు కంపెనీ ఆకు పంపుతదా, ఊర్ల సగం పొయ్యిలు దాని మీదనే మండుతయి, కొద్దిగ సోంచాయించున్రి అన్నడు. అండ్ల అబద్ధం లేదు, అదే బాధ. నేను ఉన్న రోగాన్ని దాచిపెడితే పోతదా అన్న. ఆయన నవ్వి, ఉన్నదంటున్నవు గద అక్కా, ఒక్క పేరు చెప్పు అన్నడు.

పేర్లు చెప్పరాదు, అది డాక్టర్ల నియమం అన్న.

“పేరు లేని రోగానికి పైసలడుగుతున్రు,” అన్నడాయన. గోడ పొంటి మొగుళ్లు నవ్విన్రు.

తర్వాత ఎనుక బెంచీ దిక్కు తిరిగిండు. ఆకుపచ్చ చుడీదార్ పిల్లను చూసి, నువ్వు మా కార్ఖానాల చేసే ఫలానామె బిడ్డవు గద, లేచి నిలబడు బిడ్డా అన్నడు. పిల్ల లేచింది. ఆయన గొంతుల కోపం లేదు, పెండ్లిల పలకరించినట్టు అడిగిండు.

“నీ తల్లికి దగ్గున్నదా?”

“లేదు.”

“మీ గల్లీల ఎవ్వలకన్న ఉన్నదా?”

ఆమె నా దిక్కు చూసింది. నేను చేతిల పేజీల దిక్కు చూసిన. “నాకు ఎరుక లేదు సార్,” అన్నది.

“మరి ఏడాది నుంచి ఏం పని చేస్తున్నవ్ బిడ్డా?”

హాలు నవ్వింది. ఆమె నిలబడే ఉన్నది, కూసునుమని ఎవ్వలు చెప్పలే గనుక. నేను లేచిన. అందరు నా దిక్కు చూసిన్రు, ఇగ ఈమె మొదలుపెడుతది అన్నట్టు. ఆమె తల్లి కార్డు మీద ఎన్ని టిక్కులు ఉన్నయో నాకు ఎరుక. ఒక్క మాట చెప్తే ఠేకేదారు నోరు మూతపడుతది. ఆ మాట చెప్తే తెల్లారి ఆ ఇంట్ల పొయ్యి మూతపడుతది. నాలుగు పేజీలు చేతిల పట్టుకొని నిలబడ్డ. కూసున్న.

చైర్మన్ సాబ్, ఎందుకీ లొల్లి, వాయిదా ఏద్దాం అన్నడు. వద్దనుడు కన్న వాయిదా అందరికి మర్యాద. చైర్‌పర్సన్ ఆ మాటనే మళ్ల చదివింది. నెలాఖరు దాటితే పథకం ఉండదని నేను అన్న. అంటుండంగనే మిగిలిన అంశాలకు బల్ల కొట్టిన్రు, నా మాట ఆ చప్పుడుల పోయింది. ఎనుకకు చూస్తే బెంచీ ఖాళీగ ఉన్నది.

చేతులు కడుక్కునే కాడ చైర్‌పర్సన్ నా పక్కకొచ్చింది. ఆమెతోటి నేను అప్పటిదాక మనసిచ్చి మాట్లాడింది లేదు. బొమ్మను పెట్టిన్రు అని నలుగురిల అన్నదాన్నే. ఆమె నల్లా ఇప్పి నీళ్ల చప్పుడు కానిచ్చి చెప్పింది. “అక్కా, మా ఆయన నిన్న ఎజెండా అంత పెన్ను పట్టుకొని చూసిండు. పందొమ్మిదో దాని కాడ గీత కొట్టలే. ఆడపిల్లలే గద, పోనీ అన్నడు. నువ్వు లేవకుంటే అయిపోతుండె.” దెప్పిపొడిచినట్టు అంటే బాగుండు, నేను గూడ ఏదన్న అనేదాన్ని. ఆమె నిజంగనే బాధతోటి అన్నది. కొంగుకు చెయ్యి తుడుచుకొని పోయింది.

ప్రత్యేక మీటింగు పెట్టించాలంటే కొందరు సభ్యుల సంతకాలు కావాలె. ఆ వారమంత ఇండ్ల పొంటి తిరిగిన. ఆడ కౌన్సిలర్లు కూసుండబెట్టి చాయ్ పోసిన్రు, మా ఆయనను అడుగున్రి అన్నరు. ఆయనలను అడిగితే మీరు మస్తు మాట్లాడుతరు మేడం అన్నరు. ఠేకేదారు ఇంటికి గూడ పోయిన. నా మీద నీకు కోపమైతే నన్ను అను, ఆ పిల్లలేం చేసిన్రు అన్న. కోపం ఎందుకక్కా, నువ్వు అడగకుంటే నేను లేచెటోన్ని గాదు అన్నడు. ఊర్ల అందరు ఒకరికొకరు చెప్పుకొని అన్నట్టు ఒక్కటే మాట. నెలాఖరు దాటింది. కొన్నొద్దులకు ఢిల్లీ నుంచి రెండు లైన్ల కాయితం వచ్చింది. స్థానిక సంస్థకు ఆసక్తి లేనందున మా ఊర్ల పథకం ముగిసింది అని.

ఎవ్వలది తప్పు అని నేను చానా రోజులు వాదం పెట్టుకున్న. కమిషనర్‌ది, ముందే గట్టిగ చెప్పద్దా. డాక్టరమ్మది, నలుగురిని ఒక్క వార్డుల కెళ్లే ఎందుకు తీసుకోవాలె. మా ఆయన అన్నీ విని మెల్లగ పేపర్ తిరగేసేటోడు. డాక్టరమ్మ ఒక్కసారి మాత్రం అన్నది, నాకు తీర్మానం కావాలె గని చర్చ వద్దుండె అని. తర్వాత ఆమెకు బదిలీ అయింది.

మందు దవాఖానల దొరుకుతనే ఉండె. దొరికితే ఏమైతది, పోవాలె గద. ఒక నర్సమ్మ వారానికి రెండు రోజులు ఊరంత తిరగాలె. ఆమె తెల్లచీర చూస్తనే తలుపులు ఏసుకునేటోళ్లు. ఇద్దరో ముగ్గురో పట్టుబట్టి పూర్తి చేసిన్రు. మిగిలినోళ్లు పాణం కొద్దిగ నిమ్మళం కాంగనే ఆపిన్రు. రేషన్ లైన్ల ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడి నన్ను చూసి మొఖం తిప్పుకున్నది. ఆమె ఏ నెలల ఆపిందో నాకు ఎరుకే. చలికాలంల ఆమె ఇంటి ముందట టెంటు ఏసిన్రు. నేను పోయిన, కౌన్సిలర్ గనుక కుర్చీ ఏసిన్రు.

ఆ పిల్ల తల్లి మాత్రం మందు ఆపలే. బిడ్డ ఇంట్లనే ఉండె గద. అయితే ఆ నాడు బిడ్డ హాల్ల దగ్గు లేదు అని చెప్పిన మాట ఎందుకూ పనికి రాలే. వారం తిరగకముందే కార్ఖానాల ఆమెకు ఆకు బంద్ చేసిన్రు. కారణం చెప్పలే. అడగడానికి నన్ను పిలవలే వాళ్లు, నేను పోతే ఏమైతదో చూసిన్రు గద.

రెండు నెలలకు ఒక పొద్దుగాల ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే గడప కాడనే నిలబడ్డది. చేతిల ఒక ఫారం. తల్లి పేరు మీద కాదు, తన పేరు మీద బీడీ కార్డు కావాలె, ఠేకేదారు పెద్దమనసు చేసి బిడ్డకు ఆకు ఇస్తనన్నడట. కౌన్సిలర్ సంతకం కావాలె. నర్సు ట్రైనింగు సంగతి అడుగుదామని నోటిదాక వచ్చింది, అడగలే. డాక్టరమ్మ ఏమన్న ఉత్తరం రాసిందా అని మాత్రం అడిగిన. లేదన్నది.

ఫారం కింద ఠేకేదారు టైపు చేపిచ్చిన ఒక లైను ఉన్నది. ఈమెకు గాని, ఈమె ఇంట్ల ఎవ్వలకు గాని ఛాతి జబ్బు లేదని నాకు తెలిసినంత వరకు ధృవీకరిస్తున్న అని. నేను దాన్ని రెండుసార్లు చదివిన.

“సంతకం పెట్టు చిన్నమ్మా,” అన్నది. నేను తలకాయ లేపి ఏదో అనబోయిన. “నువ్వు ఇప్పుడు ఏం మాట్లాడకు. మాట్లాడితే ఆయన ఇది గూడ ఇయ్యడు.”

కండ్లద్దాలు తెచ్చుకొని సంతకం పెట్టిన. ఆమె కాయితం మడతపెట్టబోయి మళ్ల విప్పి చూసింది, ముద్ర లేకుంటే తీసుకోరట అన్నది. లోపలికి పోయి ముద్ర తెచ్చి కొట్టిన.